నాలుగు వేళ్ళ అవతల

రామలింగం తన కోసం తాను పెట్టుకున్న గుర్తును అతని బావమరిది అంకమ్మరావు చెరిపి, నాలుగు వేళ్ళ అవతల మళ్ళీ పెట్టాడు. జరిగిన అన్యాయం చెప్పుకుంటే ఇంతే. ఇల్లు కాలలేదు, తల పగల్లేదు, నలుగురు పెద్దమనుషులు కూర్చుని విచారించదగినదేమీ జరగలేదు. ఆపాటి దానికి ఒక మనిషి ముప్ఫై ఏళ్ళు కూర్చున్న మగ్గం గుంటలోంచి లేచి, మళ్ళీ అందులో కాళ్ళు పెట్టకుండా పోయాడంటే వినేవాళ్ళు నమ్మరు. అంకమ్మరావు నమ్మక తప్పదు, చేసింది తనే గనక.

అది పందొమ్మిది వందల నలభై అయిదు, వైశాఖ మాసం. తెల్లవారింది గాని ఎండ ఇంకా వీధిలోకి దిగలేదు. రామలింగం రోజూ పోయినట్టే కాలవ గట్టు వెంట లాకు దాకా నడిచిరావడానికి పోయాడు. అతని భార్య నాగమల్లేశ్వరి దొడ్లో గంజి కాస్తున్నది. ఆమె తమ్ముడు అంకమ్మరావు మగ్గం పక్కకు వచ్చి, నిలువు దారాల పడుగు మీదికి వంగాడు. ఎడమ అంచు దారం మీద కందిగింజంత నీలం చుక్క. చాకలివాళ్ళు తెల్లబట్టలకు పెట్టే నీలిమందు చుక్క అది. నిన్న సాయంత్రం రామలింగం పెట్టుకున్నాడు. రేపు ఆ చుక్క దాకా నేస్తాను అని దాని అర్థం. అంకమ్మరావు వేలు ఉమ్మితో తడిపి దాన్ని తుడిచాడు. నాలుగు వేళ్ళు కొలిచి, అవతల అంతే చుక్క పెట్టాడు. చెయ్యి చొక్కాకు తుడుచుకుని, కండెలు చుట్టుకోవడానికి కూర్చున్నాడు. గుండె కొట్టుకుంది గాని, తప్పు చేసినవాడి గుండె కొట్టుకున్నట్టు కాదు. గొప్ప పని చేసినవాడి గుండె కొట్టుకున్నట్టు.

ఆ చుక్క ఎంత విలువైనదో తెలియాలంటే రామలింగం ఎవరో తెలియాలి.

ఉయ్యూరుకి నాలుగు మైళ్ళ దిగువన, బందరు కాలవ పక్కన ఒక సాలె వీధి. నలభై గడప, నలభై మగ్గాలు. అందులో పుట్టాడు. పదకొండో ఏట తండ్రి అతన్ని గుంటలోకి దించాడు. అంచు నేయడంలో ఆ వీధిలో అతని చెయ్యి తర్వాతే ఇంకొకరి చెయ్యి. మాటకారి కాదు. ఎవరైనా మెచ్చుకుంటే చెవి గోక్కునేవాడు. నాగమల్లేశ్వరిని చేసుకున్న ఏడాదే ఆమె తల్లిదండ్రులిద్దరూ కలరాకు పోతే, ఎనిమిదేళ్ళ బావమరిదిని తన ఇంటికి తెచ్చుకున్నాడు. "మగ్గం ఎక్కించు, తిండికి పనికొస్తాడు" అని వీధి అంది. రామలింగం బడికి పంపాడు. ఏడో తరగతి దాకా పలకలు, పుస్తకాలు, చొక్కాలు అన్నీ ఆ చేతి మీదుగానే వచ్చాయి. అన్నం పెట్టిన చెయ్యి అని లోకంలో ఒక మాట ఉంది. అంకమ్మరావుకు ఆ చెయ్యి అక్షరాలు కూడా పెట్టింది. ఆ అక్షరాలు చివరికి ఎందుకు పనికివచ్చాయో చూడండి.

యుద్ధం వచ్చింది. బాంబులు పడ్డది ఎక్కడో గాని నూలు మాయమైంది ఇక్కడ. కంట్రోలు అన్నారు, కోటా అన్నారు, సొసైటీ అన్నారు. మాటలు మాత్రం పుష్కలంగా సరఫరా అయ్యాయి. నలభై మగ్గాల చప్పుడుకు అలవాటుపడ్డ వీధి ఒక్కసారిగా నోరు మూసుకుంది. నలభై నాలుగు భాద్రపదంలో, మగ్గం ఖాళీగా ఉన్న రోజుల్లోనే, రామలింగం ఒక్కగానొక్క కూతురు చౌడేశ్వరి చలిజ్వరంతో పోయింది. ఆరేళ్ళ పిల్ల. క్వినైన్ కోసం రామలింగం ఉయ్యూరు, అక్కణ్ణించి బెజవాడ తిరిగాడు. ఉన్నదంతా పటాలాలకు పోయిందన్నారు. అతను వట్టి చేతులతో తిరిగివచ్చేసరికి పిల్లను బయట పడుకోబెట్టారు.

ఆ తర్వాత అతను అరుగు మీద కూర్చున్నాడు. ఏడవలేదు, కేకలు వేయలేదు. కూర్చున్నాడు, అంతే. తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకుని కళ్ళు తెరుచుకుని ఉండేవాడు. పిలిస్తే రెండో పిలుపుకో మూడో పిలుపుకో తల తిప్పేవాడు. వీధి ఊరుకుంటుందా? తాయెత్తన్నారు, గాలి సోకిందన్నారు, నిమ్మకాయలు తిప్పారు, చింతబరికెతో కొట్టించమని సలహా ఇచ్చిన మహానుభావుడు కూడా ఉన్నాడు. పక్కింటి మార్కండేయులు పెద్దవాడు, మంచివాడే, నోరు మాత్రం ఊరుకోదు. "మగాడివి, దిగులేందయ్యా, లేచి పని చూసుకో" అని రోజుకు రెండుసార్లు చెప్పేవాడు. పని లేకనే కదా మనిషి అలా అయ్యింది, ఎక్కడి పని చూసుకోమన్నాడో ఆ పెద్దమనిషికే తెలియాలి. మనసుకు దెబ్బ తగిలినవాడికి వంద మందులు చెప్పే ఊళ్ళో, కాసేపు పక్కన ఊరికే కూర్చునే మనిషి ఒక్కడు దొరకడు.

మాఘంలో నేతగాళ్ళ సొసైటీ ద్వారా నూలు వచ్చింది. నాగమల్లేశ్వరీ తమ్ముడూ కలిసి పడుగు సిద్ధం చేసి మగ్గానికి ఎక్కించారు. రామలింగం నేస్తాడని కాదు, ఖాళీ మగ్గం కళ్ళ ముందు ఉండకూడదని. రెండు రోజులు అతను దాన్ని అరుగు మీంచే చూశాడు. మూడో రోజు మధ్యాహ్నం లేచి, దొడ్లోకి పోయి నీలిమందు గిన్నె తెచ్చుకుని, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. అంచు దారం మీద జానెడు కొలిచి చుక్క పెట్టాడు.

"ఇదేందయ్యా?" అంది నాగమల్లేశ్వరి.

"ఇయ్యాల ఇక్కడిదాకా."

"అంతేనా?"

"అంతకన్నా ఏమన్నా చూస్తే భయమేస్తంది, మల్లీ."

జానెడు గుడ్డ నేయడానికి ఆ చెయ్యికి ఆ రోజు మూడు గంటలు పట్టింది. చుక్క, పోగును దగ్గరికి కొట్టే అచ్చును దాటి వచ్చి నేతలో కలిసేసరికి అతను ఆగి, దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి, రేపటి చుక్క పెట్టి, లేచాడు. ఆ సాయంత్రం అన్నం తానే అడిగాడు. నాగమల్లేశ్వరి దొడ్లోకి పోయి, చెంబు కడుగుతున్నట్టు నటిస్తూ ఏడ్చుకుంది.

తర్వాత చుక్కకు తోడు ఇంకో రెండు నియమాలు వచ్చాయి. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకున్నాడు. ఒకటి, పొద్దున్నే లాకు దాకా నడిచి రావడం. రెండోది, రోజుకు ఇంటివాళ్ళు కాని మనిషి ఒక్కడితో మాట్లాడడం. ఇది అన్నిటికన్నా కష్టమైంది. ఒకనాడు వీధి వీధంతా పెళ్ళికి తరలిపోతే, మాట్లాడే మనిషి కోసం కాలవ గట్టుకు పోయి నిలబడ్డాడు. కండెలకు నూలు తడపడానికి వచ్చిన అంకమ్మరావు పక్కనే ఉన్నాడు. ఒక పడవ వచ్చింది.

"ఎవరి పడవయ్యా?" అని రామలింగం కేకేశాడు.

"నాదే. ఏం, ఎక్కుతావా?"

"ఎక్కను."

"మరెందుకడిగినట్టు?"

"అడగాలి గనక అడిగా."

"తిక్కమనిషిలాగున్నావే!"

"ఔను. దానికే ఈ మందు" అన్నాడు రామలింగం.

పడవవాడు పగలబడి నవ్వాడు. రామలింగం కూడా నవ్వాడు. పిల్ల పోయాక అతను నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు విన్నవాడే, చూసినవాడే, మూడు నెలలు తిరక్కుండా ఆ పని చేశాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా అంకమ్మరావుకు తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. చుక్క చేరడం ఎంత నియమమో, చేరాక ఆగడమూ అంతే నియమం. నేత బాగా సాగినరోజు కూడా అతను ఒక్క పోగు అదనంగా వేసేవాడు కాదు. దాని మీద మార్కండేయులు హాస్యాలాడేవాడు.

"ఏం అల్లుడూ, పొద్దు ఇంకా మా చూరు కూడా దిగలా, నువ్వు మాత్రం మగ్గం దిగావే!"

"ఇయ్యాల్టిది అయిపోయింది మావా."

"రేపటిది కూడా కాస్త లాగించరాదూ? ఎవడన్నా ఎత్తుకుపోతాడా?"

"రేపటిది ఇయ్యాలే నేసేస్తే, రేపు పొద్దున నేనెందుకు లేవాలి?"

మార్కండేయులు దీన్ని వీధంతా చెప్పి నవ్వించాడు. వారం తిరిగేసరికి "జానెడు రామలింగం" అనే పేరు పడింది. రామలింగం చెవి గోక్కున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు తనంతట తానే బెత్తెడు పెంచాడు, ఇంకొన్నాళ్ళకు మూర చేశాడు. పేరు మాత్రం జానెడుగానే ఉండిపోయింది. ఆ పేరు అతన్ని కుట్టలేదు. అంకమ్మరావును కుట్టింది.

అంకమ్మరావుకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. నేసిన బట్టలు బెజవాడ వన్‌టౌన్‌లో సొసైటీవాళ్ళకు అప్పజెప్పి, తిరుగు ప్రయాణానికి వేళ అయ్యేదాకా గ్రంథాలయంలో కూర్చోవడం అతనికి అలవాటు. దొరికిందల్లా చదివాడు. ఎవరూ దారి చూపని చదువు, సంతలో తప్పిపోయినవాడి నడకలాంటిది. అన్ని దుకాణాల ముందూ నిలబడతాడు, ఇంటికి మాత్రం చేరడు. మెట్రిక్ పరీక్షకు కడతానన్నాడు, ఇంగ్లీషు నేర్చుకుంటానన్నాడు, నాలుగింటికే లేచి దండీలు తీస్తానన్నాడు. ఉగాదికి పట్టిన వ్రతం శ్రీరామనవమి దాకా బతికిన పాపాన పోలేదు. అలాంటివాడికి ఒకరోజు అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. గొప్పవాళ్ళు ఎలా గొప్పవాళ్ళయ్యారో చెప్పే పుస్తకం. చేతికందే గమ్యం గమ్యం కాదు, బద్ధకానికి మరో పేరు అని అందులో ఉంది. మనిషి తన గమ్యాన్ని ప్రతి ఉదయం ఇంత ముందుకు జరుపుకోవాలనీ, అలా జరుపుకోలేని బలహీనుడికి ఆప్తులే ఆ సాయం చేయాలనీ ఉంది. రాసిన మహాశయుడు ఎవరో గాని మగ్గం గుంటలో కూర్చున్నవాడు కాడు. కూతుర్ని పోగొట్టుకుని అయిదు నెలలు అరుగు మీద కూర్చున్నవాడు అసలే కాడు. కాని అచ్చులో ఉన్నమాటకు ఏడో తరగతివాడి దగ్గర వేదమంత బలం. తన గమ్యం ఒక్కటి జరుపుకోలేనివాడు, బావ గమ్యాన్ని జరపడానికి పూనుకున్నాడు.

మొదటి నాలుగు రోజులు నాలుగేసి వేళ్ళు జరిపాడు. రామలింగం పొద్దుగూకేవేళకు కొంచెం రొప్పుతూ చుక్క చేరాడు. అంకమ్మరావు ఉబ్బిపోయాడు. పుస్తకం నిజమే చెప్పింది! అయిదో రోజునుంచి జానెడు జరిపాడు.

చీకటి పడుతోంది, చుక్క ఇంకా అచ్చుకు అవతలే ఉంది. రామలింగం పేక దారం మోసే నాడెను ఆపి దానివంక చూశాడు.

"మల్లీ, దీపం తే."

"ఇంకా ఎంత ఉందేం?"

"జానెడుంటది."

"రేపు చూసుకోవచ్చులే, లేవరాదూ?"

"మూర నేయలేకపోయానా ఇయ్యాల?" అన్నాడు రామలింగం. ఆమెను కాదు, తన చేతుల్ని అడిగాడు.

కిరసనాయిలు కంట్రోలు రోజులు. దీపం అరగంట కన్నా వెలగలేదు. అతను చుక్క చేరకుండానే లేచాడు. మాఘం నుంచి అది మొదటిసారి. మర్నాడు ముందు దాన్ని పూర్తిచేసి, ఆపైన కొత్త చుక్క పెట్టుకున్నాడు. అతను అన్నం తింటున్న వేళ అంకమ్మరావు దాన్ని కూడా జరిపాడు. ఆనాడూ చేరలేదు. ఆ మర్నాడు రామలింగం లాకు దాకా నడక మానేశాడు. ఆ గంటా నేతకు కలిసొస్తుందనుకున్నాడు. ఇంకో రెండు రోజులకు మధ్యాహ్నం అన్నం గుంటలోకే తెప్పించుకున్నాడు. మాట్లాడే నియమం ఎప్పుడు జారిపోయిందో ఎవరూ గమనించలేదు. మార్కండేయులు గుమ్మంలోంచి "ఏం అల్లుడూ, ఇప్పుడు పొద్దుతో పందెం వేశావేం!" అని మెచ్చుకోలుగానే అన్నా, లోపల్నుంచి జవాబు రాలేదు.

"తమ్ముడూ," అంది ఒకనాడు నాగమల్లేశ్వరి, బావి దగ్గర, గొంతు తగ్గించి, "మీ బావ చెయ్యి పడిపోయిందంటన్నాడురా. మూర గుడ్డ నేయలేకపోతన్నానని రాత్రి కూర్చునే ఉన్నాడు. మళ్ళీ మొదలైనట్టుంది. నాకు కాళ్ళు చేతులు ఆడట్లా."

"చెయ్యి పడిపోవడమేందక్కా! గుడ్డ చూడు, ముందుకన్నా ఎంత దిగుతోందో."

"నేను గుడ్డతో కాపరం చేస్తన్నానా? మనిషిని చూడరా!"

చూశాడు. మనిషి చిక్కిపోయిన మాట నిజమే. చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చింది. కాని చెబితే తనేమవుతాడు? పుస్తకంలో ఒక మాట ఉంది, మొదట్లో బలహీనుడు కష్టపడతాడనీ, సాయం చేసేవాడు కరిగిపోకూడదనీ. ఆ వాక్యం చాటున నక్కాడు అంకమ్మరావు. మర్నాడు కూడా, బావ మొహం కడుక్కునే వేళ చూసి జరిపాడు.

ఇరవయ్యో రోజు పొద్దున రామలింగం గుంటలో కాళ్ళు పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గంట గడిచింది. నాడె కదల్లేదు.

"బావా?"

"నావల్ల కావట్లా" అన్నాడు. లేచిపోయి అరుగు మీద, అంతకుముందు అయిదు నెలలు కూర్చున్న చోటే కూర్చున్నాడు.

వారం రోజులయినా లేవలేదు. సొసైటీవాళ్ళు గుడ్డ కోసం రెండుసార్లు మనిషిని పంపారు. మిగిలిన నాలుగు మూరలూ అంకమ్మరావే తన మొరటు చేత్తో నేసి, మగ్గం దించాడు. రెండు చీరల పైచిలుకు గుడ్డ. మడత వేయడానికి మార్కండేయులు సాయం వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. ఎండలో, వీధి పొడుగునా గుడ్డ సాగదీశారు. ఎడమ అంచు అరుగు వైపుకు వచ్చింది.

ఇక్కడ సాలె ఇంట పుట్టినవాడు మరిచిపోగూడని సంగతి ఒకటి అంకమ్మరావు మరిచిపోయాడు. గంజి పట్టిన దారం రంగును పూర్తిగా వదలదు. ఉతికితే పోతుంది గాని ఉమ్మితో తుడిస్తే పోదు. గుంటలో మసక వెలుతురున కనిపించని లేత నీలం మరకలు ఎండలో ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ఒక లేత చుక్క, దాని తర్వాత కొంత దూరంలో ఒక ముదురు చుక్క. మళ్ళీ లేతది, మళ్ళీ ముదురుది.

వారం నుంచి కదలనివాడు రామలింగం లేచి వచ్చాడు. వంగి, లేత చుక్క మీద బొటనవేలు పెట్టాడు. అక్కణ్ణించి వెనక్కి, అంతకు ముందరి ముదురు చుక్కదాకా మోచేత్తో కొలిచాడు. సరిగ్గా మూర. పక్కదాన్ని కొలిచాడు. మూర. అలా వీధి వెంట వంగి వంగి కొలుచుకుంటూ పోయాడు. మగ్గం ఆపి లేచినచోట గుడ్డలో వెంట్రుకంత గీత పడుతుంది. నేసినవాడి కంటికే అది కనిపిస్తుంది. ప్రతి సాయంత్రపు గీతా లేత చుక్కకు అవతలే ఉంది. ఒక్కరోజు కూడా ఇవతల లేదు.

"ఏందయ్యా ఈ మరకలు? సొసైటీవాడు ఊరుకుంటాడా?" అన్నాడు మార్కండేయులు, తన కొస వదలకుండా.

రామలింగం నడుం ఎత్తాడు. "అయితే నేను రోజూ చేరతానే ఉన్నానన్నమాట" అన్నాడు మెల్లిగా.

అప్పుడు నాగమల్లేశ్వరి తమ్ముడి మొహం చూసింది. ఆమె అడగనక్కర్లేకపోయింది.

"నీ మంచికే చేశాను బావా" అన్నాడు అంకమ్మరావు. "కొంచెం కొంచెంగా పెంచితే నువ్వు మళ్ళీ మునుపటిలాగా అవుతావనీ, ఈ జానెడు పేరు పోతుందనీ... పుస్తకంలో అలానే ఉంది."

మార్కండేయులు కొస వదిలేశాడు. "ఓరి నీ చదువు తగలెయ్య! మనిషి తాగే మందు గిన్నెలో చెయ్యి పెట్టి కెలికావట్రా!" అన్నాడు. వీధిలో అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు ఆ పొద్దున నవ్వలేదు.

రామలింగం తిట్టలేదు. "ఎన్నాళ్ళు?" అని అడిగాడు.

"పందొమ్మిది రోజులు."

"పందొమ్మిది రోజులు..." అని, దొడ్లోకి పోయి మొహం కడుక్కున్నాడు. 

నిజం బయటపడింది గనక ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాడు అంకమ్మరావు. తప్పు లెక్కలో ఉంది, లెక్క సరిదిద్దాం, మనిషి లేచి కూర్చుంటాడు అనుకోవడం కూడా పుస్తకాలవాళ్ళ తెలివే. రామలింగం మళ్ళీ నూలు ఎక్కించాడు. మళ్ళీ జానెడు దగ్గర చుక్క పెట్టాడు. నాలుగు పోగులు వేసి ఆగి, లేచి, కొలిచాడు. కూర్చుని ఇంకో నాలుగు వేసి, మళ్ళీ లేచి కొలిచాడు. అన్నానికి లేస్తే చుక్క మీద గిన్నె బోర్లించి పోయేవాడు. తిరిగివచ్చి, గిన్నె తీసి, మళ్ళీ కొలిచేవాడు. నాగమల్లేశ్వరి తమ్ముణ్ణి మార్కండేయులు ఇంట్లో పడుకోమని పంపింది. అయినా అంతే. అనుమానం అంకమ్మరావు మీద కాదు, చుక్క మీద. చేతిలో ఉన్న ఒక్క ఊతకర్ర విరిగింది, అతికించి ఇచ్చినా దానిమీద బరువు వేయలేకపోయాడు. నేత పోయి, కాపలా మిగిలింది.

శ్రావణంలో అతను మగ్గాన్ని బావమరిదికి వదిలేసి, భార్యను తీసుకుని బెజవాడ పోయాడు. వన్‌టౌన్‌లో ఒక బట్టల గోదాములో మడతలు వేసే పని దొరికింది. ఎవరో నేసిన చీరలు, ఎవరో కొనే చీరలు. అంచు నేయడంలో అంతటి చెయ్యి, ఇప్పుడు అంచుకు అంచు కలిపి మడత పెడుతోంది. ఆ మగ్గం మీద ఇప్పుడు అంకమ్మరావు నేస్తున్నాడు. రోజుకు ఎంతో కొంత, ఎలా వస్తే అలా. చుక్క పెట్టుకోవడానికి అతనికి ధైర్యం లేదు.

బెజవాడ పోయినప్పుడల్లా బావను చూసి వచ్చేవాడు. క్షమించమని ఒకసారి కాళ్ళు పట్టుకుంటే, "లే, లే, గోదాములో అందరూ చూస్తన్నారు" అన్నాడు రామలింగం. తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. వెళ్ళినప్పుడల్లా మాట్లాడేవాడు, టీ ఇప్పించేవాడు. మనిషి తేరుకుంటున్నాడనే అనిపించేది. కాస్త ఒళ్ళు చేశాడు, గడ్డం నున్నగా గీసుకుంటున్నాడు. కాని అంకమ్మరావు కూర్చున్నంతసేపూ అతని చేతులు మాత్రం కుదురుగా ఉండేవి కావు. మడత పెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెట్టేవాడు. అది అంకమ్మరావు చూశాడు. ఎందుకో తెలుసుకోలేదు, లేదా తెలుసుకోవడం ఇష్టం లేకపోయింది. తాను వస్తున్నాడు, పశ్చాత్తాపపడుతున్నాడు, బావ ఆదరిస్తున్నాడు. అంతకన్నా లోతుకు పోతే తన మనసుకే నిద్ర ఉండదు.

నలభై ఎనిమిది కార్తీకంలో, ఆదివారం, ఇద్దరూ కలిసి కృష్ణ ఆనకట్ట వైపు నడిచారు. నాగమల్లేశ్వరి కడుపుతో ఉందని ఆ రోజే తెలిసింది. చౌడేశ్వరి పుట్టిన పదేళ్ళ తర్వాత. అంకమ్మరావుకు సంతోషం ఆగలేదు. నీళ్ళు దిగువకు దూకుతున్న చప్పుడు మీదుగా గట్టిగా మాట్లాడుతూ నడిచాడు. బావ మొహంలో వెలుగు చూసి, అడగరాని మాట అడిగేశాడు.

"బావా, ఇప్పుడు కూడా నీకు నియమాలున్నాయా? రోజుకు ఏం పెట్టుకున్నావు?"

రామలింగం నడక ఆగింది. మొహంలో వెలుగు ఎవరో చేత్తో మూసినట్టు పోయింది. కుడిచేతి వేళ్ళు పంచె కొసను పట్టుకుని మడతపెట్టడం మొదలుపెట్టాయి. మడత, మళ్ళీ విప్పడం, మళ్ళీ మడత. గట్టు మీద మనుషులు వాళ్ళను దాటుకుపోతున్నారు.

"ఉన్నాయి" అన్నాడు. "నీకు చెప్పను."

"చెప్పొద్దులే బావా, ఏదో నోరు జారి..."

"నీ మీద కోపం లేదు, అంకయ్యా. ఉంటే ఏనాడో తిట్టి కడుపు చల్లార్చుకునేవాణ్ణి. నువ్వు చెడ్డోడివి కాదు, అది నాకు తెలుసు, మీ అక్కకీ తెలుసు. కానీ నువ్వొచ్చిన రోజు నేను పెట్టుకున్నదేదీ సాగదు. దేనికో తక్కువ పడ్డట్టే ఉంటది, సాయంత్రందాకా. మర్నాడు కూడా. ఇప్పుడు బిడ్డ వస్తంది. నేను నిలబడాలి." అతను బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు బడికి తీసుకుపోయేటప్పుడు వేసినట్టే వేశాడు. "ఇంక నన్ను చూడ్డానికి రామాకు. మీ అక్కను చూడాలనిపిస్తే కబురు చెయ్యి, తనే వస్తది. నువ్వు మాత్రం రామాకు."